గోలేటి వాళ్ళు కప్పు పట్టుకుపోయిన ఆదివారం

నా చిన్నప్పుడు ఒక ఆదివారం సాయంత్రం మా కాలనీ మొత్తం కూర్చుని ఏడ్చింది. ఎవరూ పోలేదు, గనిలో ప్రమాదమేమీ జరగలేదు. వాలీబాల్ పోటీలో ఓడిపోయాం, అంతే. ఇప్పటి పిల్లలకు చెబితే పడీ పడీ నవ్వుతారు. నవ్వండమ్మా, నాకేం పోయింది! కానీ ఆ సాయంత్రం మా వీధిలో చాలా ఇళ్ళలో పొయ్యి వెలగలేదు. సైరన్ మోగితే ఉలిక్కిపడి లేచే మగవాళ్ళు, అది మోగుతున్నా కదలకుండా గడపల మీద తలలు పట్టుకుని కూర్చున్నారు.

ఇన్నేళ్ళకు ఇది ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న క్రికెట్ ఫైనల్లో మనవాళ్ళు ఓడిపోయిన రోజున మా మనుమరాలు అన్నం మానేసి ఫోను పట్టుకుని కూర్చుంది. ఏం రాస్తున్నావే అని అడిగితే చదివి వినిపించింది. ఎవరో ఆటగాడిని పేరు పెట్టి తిడుతోంది. వాడు అమ్ముడుపోయాడట. ఆ మాట చెవిన పడేసరికి చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. అదే మాట పదేళ్ళ వయసులో నేనూ ఒక మనిషిని అన్నాను. ఎవరిని అన్నానో ఆ పిల్లకు ఆ రోజు చెప్పాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మాది గోదావరిఖని. బొగ్గు గనిని మేం బాయి అంటాం. మా బాపు బాయిలో ఫిల్లరు. పేల్చిన బొగ్గును తట్టలకెత్తి టబ్బుల్లో నింపడం ఆయన పని. పక్క క్వార్టరులో ఉండే కాకది కూడా అదే పని. ఆయన సొంత కాక కాదు, కానీ సొంతవాళ్ళు ఆయన ముందు ఎందుకూ పనికిరారు. పెళ్ళి కాలేదు. సగం రోజులు మా ఇంట్లోనే తినేవాడు. సన్నగా పొడుగ్గా ఉండేవాడు, మాట తక్కువ. ఏం చెప్పినా "కానియ్యి బిడ్డా" అని నవ్వి ఊరుకునేవాడు. అలాంటి మనిషి వాలీబాల్ కోర్టులోకి దిగాడంటే ఇక గుర్తుపట్టలేం. నెట్టు దగ్గర గాల్లోకి లేచి షాట్ కొడితే బంతి అవతల నేలకు తగిలిన చప్పుడు గ్రౌండు బయట దాకా వినపడేది.

ఆయనకు నేనంటే ఎంత ఇష్టమో, నాకు ఆయన ఆటంటే అంత పిచ్చి. డ్యూటీ నుంచి వచ్చిన మనిషికి వాకిట్లోనే చెంబుతో నీళ్ళు ఇవ్వడం మా దగ్గర మర్యాద. నోట్లో, ముక్కులో బొగ్గు దిగి ఉంటుంది. పుక్కిలించి ఉమ్మేదాకా మనిషి నోరు విప్పలేడు. కాకకు ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి ఆ చెంబు నేనే ఇచ్చేదాన్ని. ఆట ఉన్న రోజు ఆయన కాన్వాసు బూట్లకు సుద్ద కూడా నేనే పూసేదాన్ని. ఆయన గెలిచిన ప్రతి పాయింటులో నా సుద్దకూ వాటా ఉందని నమ్మేదాన్ని.

ఏటా బాయిల మధ్య పోటీలు జరిగేవి. ఫైనల్ అంటే మూడు ఆదివారాలు, మూడు మ్యాచ్‌లు. రెండు గెలిచినవాళ్ళకు కప్పు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ కప్పు మా బాయిదే. ఆ ఏడు మాకు ఎదురుగా వచ్చింది గోలేటి బాయి జట్టు. అంతకుముందు వాళ్ళ పేరు ఎవరూ విన్నది లేదు. లారీలో నిలబడి వచ్చారు. ఒక్కొక్కరిది ఒక్కో రంగు బనీను. ఇద్దరికైతే కాళ్ళకు బూట్లు కూడా లేవు. "కప్పు ఎట్లుంటదో సూసిపోదామని వచ్చినట్టున్నరు" అని మావాళ్ళు ఒకటే నవ్వు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. నవ్విన నాపచేనే పండుతుందని మా నాయనమ్మ రోజుకు నాలుగుసార్లు అనేది. ఆ రోజు మాత్రం ఆవిడకు కూడా ఆ సామెత గుర్తు రాలేదు.

మొదటి ఆదివారం మేం సులువుగా గెలిచాం. రెండో ఆదివారం కొద్దిలో ఓడిపోయాం. ఏదో కాలు జారింది, అంతేలే అనుకున్నాం. కానీ ఆ వారమంతా బాయి మీద, అంగట్లో, నల్లా దగ్గర అదే ముచ్చట. జట్టు పెద్దలు ఆటగాళ్ళందరినీ కూర్చోబెట్టి, శనివారం షిఫ్టు అయిపోగానే ఇంటికొచ్చి నిండా నిద్రపోవాలని ఒట్టు వేయించుకున్నారు. కాక కూడా ఒట్టు వేశాడు. నేను అక్కడే ఉన్నాను, చూశాను.

ఆ శనివారమే మా అమ్మకు పురిటి నొప్పులు మొదలయ్యాయి. నన్ను నాయనమ్మ దగ్గర వదిలి, బాపు అమ్మను దవాఖానకు తీసుకుపోయాడు. ఆ రాత్రి బాపుకు నైట్ షిఫ్టు ఉందన్న సంగతి నా బుర్రలోకి రానే లేదు. నా బుర్రంతా వాలీబాలే. ఆదివారం తెల్లవారగానే గ్రౌండుకు పరుగెత్తి, పిల్లలందరితో కలిసి రాళ్ళు ఏరి, సున్నంతో గీతలు గీశాను. చెల్లె పుట్టిందని అక్కడికే కబురు వచ్చింది. సరే అన్నాను. సిగ్గుపడుతూనే ఒప్పుకుంటున్నాను, ఆ రోజు నాకు చెల్లెకంటే కప్పే ఎక్కువ.

సాయంత్రం కాక వచ్చేసరికి గ్రౌండులో ఇసుక వేస్తే రాలనంత జనం. ఆయన కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. బూట్లు తొడుక్కుంటూ లేసు ముడి వేయబోయి రెండుసార్లు వదిలేశాడు. చివరకు నేనే ముడి వేశాను. ఏమైంది కాకా అంటే, "ఏంగాలె, కానియ్యి బిడ్డా" అన్నాడు.

మొదటి సెట్టు మేం గెలిచాం, రెండోది వాళ్ళు గెలిచారు. మూడో సెట్టులో మేం పద్నాలుగు, వాళ్ళు తొమ్మిది. అప్పట్లో పదిహేనుకు ఆట. ఒకే ఒక్క పాయింటు కావాలి. సర్వీసు మా చేతిలోనే ఉంది. ఇక ఆగుతారా మావాళ్ళు! డప్పులు కొట్టేవాళ్ళు గీత దాటి కోర్టులోకే వచ్చేశారు. ఎవరో కాక మెడలో దండ వేశారు, ఇంకెవరో ముఖం నిండా గులాల్ పూశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, గెలవకముందే ఊరేగింపు ఏ దారిన పోవాలని కూడా కొట్లాడుకున్నారు. రిఫరీ విజిల్ మీద విజిల్ వేసి అందరినీ బయటికి పంపాడు.

ఆ తరువాత సర్వీసు మా చేతి నుంచి పోయింది. కాక కోసం లిఫ్ట్ చేసిన బంతులు వరుసగా నెట్టుకు కొట్టుకున్నాయి. ఆయన ఎగరడం లేదు. ఎగిరినట్టు చేస్తున్నాడు, కాళ్ళు నేల విడవడం లేదు. గోలేటి వాళ్ళు అరవకుండా, నవ్వకుండా, కూలికి వచ్చినట్టు ఒక్కో పాయింటు తీసుకుంటూ పద్నాలుగుకు వచ్చారు. తరువాత పదిహేనుకు వచ్చారు. రెండు పాయింట్ల తేడా ఉండాలి కాబట్టి ఆట ఇంకా నడుస్తోంది. అప్పుడు మావాళ్ళు ఒక బంతిని కాక కోసం అందంగా పైకి లేపారు. అలాంటి బంతిని ఆయన కళ్ళు మూసుకుని కొట్టగలడు. ఆయన చెయ్యి సగం వరకు లేచింది, అక్కడే ఆగిపోయింది. బంతి వచ్చి ఆయన పాదాల ముందు పడింది. ఆయన దాన్ని చూస్తూ నిలబడ్డాడు.

గెలిచామన్న నమ్మకం గోలేటి వాళ్ళకే కలగలేదు. బూట్లు లేని ఇద్దరిలో ఒకాయన మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చాడు. మావైపు ముసలివాళ్ళు కూడా కండువాలు అడ్డం పెట్టుకుని ఏడ్చారు. నేను నేల మీద పడి దొర్లాను. అబద్ధం ఎందుకు చెప్పాలి! ఏడుపు ఒక దశ దాటాక కోపం మొదలైంది. ఆ కళ్ళు చూసినవా, తాగొచ్చిండు అన్నారు ఒకరు. చూసి చూసి ఇడిసిపెట్టిండు అన్నారు మరొకరు. అమ్ముడువోయిండు అన్న మాట అక్కడే ఎవరో గొణిగారు. గ్రౌండు ఈ చివర గొణిగిన మాట ఆ చివరకు చేరేసరికి అది కళ్ళారా చూసిన నిజమైపోయింది.

నేను అందరికంటే ముందు ఇంటికి వచ్చాను. అలవాటు కొద్దీ చెంబుతో నీళ్ళు ముంచుకుని కాక వాకిట్లో నిలబడ్డాను. అది అలవాటే, ప్రేమ కాదు. ప్రేమంతా గ్రౌండులోనే చచ్చిపోయింది. ఆయన మెడలో ఆ దండతోనే, ముఖాన గులాల్‌తోనే వచ్చాడు. వెనక దూరంగా జనం. నీళ్ళ కోసం చెయ్యి చాపాడు. వీధంతా నన్నే చూస్తోంది. ఆ చూపులు నాకు ఎక్కడ లేని బలం ఇచ్చాయి. పాడు బలం! ఆయన చేతికి అందిస్తున్నట్టే ముందుకు చాపి, చెంబు వంచి నీళ్ళన్నీ నేల మీద పోసేశాను.

"అమ్ముడువోయినోళ్ళకు మా ఇంట్ల నీళ్ళు లేవు" అన్నాను.

అప్పటిదాకా గొణుగుడుగా ఉన్న మాటను ఆయన ముఖం మీద మొదట అన్నది నేనే. శభాష్ పిల్లా అని వెనక నుంచి ఎవరో మెచ్చుకున్నారు కూడా. కాక నా వైపు చూడలేదు. తడిసిన మట్టిని తొక్కకుండా పక్కనుంచి తిరిగి లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

మరుసటి రోజు దవాఖాన నుంచి బాపు వచ్చాడు. నేను చేసిన ఘనకార్యం ఆయనకు గొప్పగా చెప్పుకున్నాను. బాపు నన్ను జన్మలో కొట్టలేదు. ఆ రోజు చెయ్యెత్తాడు. కొట్టకుండానే దించి, పెరట్లోకి పోయి చాలాసేపు లోపలికి రాలేదు. ఓడిపోయామన్న బాధ కాబోలు అనుకున్నాను. మూడు రోజులు వీధిలో ఎవరూ కాకతో మాట్లాడలేదు. బాయిలో కూడా ఆయన పక్కన కూర్చుని ఎవరూ సద్ది విప్పలేదట. నేను ఆయన వాకిలి వైపు చూస్తే కదా!

బుధవారం అమ్మ చెల్లెను తీసుకుని రిక్షాలో ఇంటికి వచ్చింది. మొదటి షిఫ్టు దిగే వేళ, వీధి నిండా మనుషులు. దిష్టి తీయడానికి నాయనమ్మ మా గడప ముందు ఎర్రనీళ్ళతో నిలబడి ఉంది. పురుడు వచ్చిన ఆడది ఇరవై ఒక్క రోజుల దాకా పరాయి గడప తొక్కరాదు, ఎవరినీ ముట్టరాదు. ఆ పట్టింపు మా ఇంట్లో గట్టిగా ఉండేది. కానీ అమ్మ మా ఇంటి ముందు రిక్షా ఆపనివ్వలేదు. కాక ఇంటి ముందు ఆపించింది. గోడ పట్టుకుని మెల్లగా దిగి, డ్యూటీ నుంచి వచ్చి బొగ్గు ముఖంతో అరుగు మీద కూర్చున్న కాక దగ్గరికి నడిచింది. "మైల! మైల! ఏందే నువ్వు చేసేది!" అని నాయనమ్మ మొత్తుకుంటూనే ఉంది. అమ్మ వినలేదు. చెల్లెను తీసి కాక ఒళ్ళో పెట్టింది. ఆయన వద్దు వద్దని చేతులు వెనక్కి లాక్కుంటున్నా పెట్టింది. పసిపిల్ల తెల్లబట్టకు మసి అంటుకుంది.

అప్పుడు అమ్మ వీధి వైపు తిరిగింది. మెల్లగా మాట్లాడే మనిషి. ఆ రోజు ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో!

"శనివారం రాత్రి నా పెనిమిటి డ్యూటీ ఈయన చేసిండు. తన షిఫ్టు అయినంక మీదికి రాకుండ, నా పెనిమిటి తట్ట గూడ ఈయననే మోసిండు. నా పానం మీదికి వచ్చిందని. పొద్దుగాల మొకం గూడ కడుగకుండ దవాఖానకొచ్చి మమ్ముల చూసిండు. అటెన్క మీ ఆటకొచ్చిండు. రెప్ప ఎయ్యలె. ఇప్పుడు చెప్పుండ్రి, ఎవలికి అమ్ముడువోయిండో!"

ఆ ఏడు బాపుకు నాగాలు ఎక్కువయ్యాయి. ఇంకొక్క రోజు డ్యూటీకి పోకపోతే కొలువుకే ఎసరు వచ్చేది. ఒకరి అవసరానికి ఇంకొకరు షిఫ్టు చేయడం బాయిలో కొత్తేమీ కాదు. కానీ ఫైనల్ ముందు రాత్రి, అదీ ఒట్టు వేసి వచ్చిన ఆటగాడు ఆ పని చేస్తాడని ఎవరనుకుంటారు? ఎవరికీ చెప్పవద్దని బాపు దగ్గర కాక మాట తీసుకున్నాడు. బాపు ఆ మాట పట్టుకుని మూడు రోజులు కుమిలిపోయాడు.

వీధిలో అందరి తలలూ వంగిపోయాయి. ఇక కాక ముఖం వెలుగుతుందని అనుకున్నాను. ఆయన ఏడ్చాడు. దండ మెడలో వేసుకుని ఓడినప్పుడు ఏడవలేదు, నేను నీళ్ళు పారబోస్తే ఏడవలేదు. అప్పుడు ఏడ్చాడు.

"ఎందుకు చెప్పినవ్ వదినె? ఇగ బిడ్డనంటరు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. నాయనమ్మకు వెంటనే అర్థమైంది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆడపిల్ల పుట్టిన రోజే, ఆ పిల్ల పురుటి వల్లే కప్పు పోయింది. పిల్ల కాలు మంచిది కాదంటారు. పెరిగే పిల్లకు ఆ పేరు అంటుకుంటే వదలదు. ఆ పేరు పసిగుడ్డుకు రాకూడదని, తాగుబోతన్నా అమ్ముడుపోయినవాడన్నా ఆ మనిషి నోరెత్తలేదు. ఆ గుక్కెడు నీళ్ళు నేలపాలు చేసినప్పుడు కూడా ఎత్తలేదు.

"అంటే నా బిడ్డను అననియ్యి మరిదీ" అంది అమ్మ. "దానికి అమ్మున్నది, బాపున్నడు. నీకెవరున్నరు?"

ఆ మాటతో నేను కూడా ఏడ్చాను. మూడు రోజుల ముందు కప్పు పోయిందని ఏడ్చిన ఏడుపు ఇది కాదు. మరునాడు ఆయన డ్యూటీ దిగే వేళకు నీళ్ళు పట్టుకుని నిలబడ్డాను. నా చేతిలోంచి చెంబు తీసుకుని, పుక్కిలించి ఉమ్మి, గటగటా తాగి, "ఓడినోళ్ళకు దూప ఎక్కువైతది బిడ్డా, ఇంకింత తే" అని నవ్వాడు. తిట్టినా బాగుండేది. తప్పయింది కాకా అని అనాలని నోటిదాకా వచ్చింది. అనలేదు. రేపు అందాంలే అనుకున్నాను. ఆ రేపు నలభై ఏళ్ళు పైబడినా రాలేదు. ఏం మనిషినో నేను!

జట్టు పెద్దలు వచ్చి కాళ్ళావేళ్ళా పడ్డారు. "కాళ్ళు లేస్తలేవన్నా" అని ఆయన ఒకటే మాట. మళ్ళీ కోర్టులో అడుగు పెట్టలేదు. ఆయన బూట్లకు రెండు మూడుసార్లు సుద్ద పూసి ఆశగా గడపలో పెట్టాను. ఒకరోజు చూస్తే ఆ బూట్లు వేరే వీధి ఆటగాడి కాళ్ళకు ఉన్నాయి. ఆయన భయపడినట్టే, కప్పు మింగిన పిల్ల అని మా చెల్లెను కొందరు అననే అన్నారు. అన్నప్పుడల్లా అమ్మ కొంగు బిగించి వాళ్ళ మీదికి పోయేది.

కాక నిరుడు పోయాడు. నిండు వయసే. పెళ్ళి మాట చివరిదాకా ఎత్తలేదు. బాయి కొలువు నుంచి దిగిపోయాక మా చెల్లె దగ్గరే ఉన్నాడు. తలకొరివి కూడా చెల్లే పెట్టింది. ఆడపిల్ల పెట్టడమేమిటని ఒకరిద్దరు గొణిగితే, మా చెల్లె అమ్మ కూతురు కదా, పట్టించుకోలేదు. మట్టికి, అంటే అంత్యక్రియలకు, చాలామంది వచ్చారు. పాడె లేపే ముందు నా వెనక నిలబడ్డ ఒక ముసలాయన, మా కాలనీ మనిషి కాదు, పక్కవాడిని అడుగుతున్నాడు, పోయింది ఎవరని.

"గదేనోయ్, ఎనుకట గోలేటోళ్ళకు అమ్ముడువోయి మ్యాచ్ ఓడగొట్టలే, గాయన" అన్నాడు పక్కవాడు.

నాకు నోరు తక్కువేం కాదు. చింపి ఆరేద్దామని వెనక్కి తిరిగాను. కానీ ఎవరిని తిట్టను? ఆ మాట పుట్టినప్పుడు దాన్ని పట్టుకుని ఆయన గుమ్మం దాకా తీసుకుపోయింది నేనే కదా. చివరకు వాళ్ళిద్దరినీ పక్కకు పిలిచి, శనివారం నుంచి బుధవారం దాకా మొత్తం చెప్పాను. "అయ్యో, గట్లనా" అన్నారు. నిజంగానే బాధపడ్డారు. కానీ అలాంటివాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో, ఏ ఊళ్ళలో ఉన్నారో, నాకేం తెలుసు?

అమ్మ ఆ రోజు పచ్చిబాలింత ఒంటితో నిలబడి చెప్పిన నిజం మా వీధి మలుపు కూడా దాటలేదు. పదేళ్ళ పిల్ల కోపంలో అన్న మాట మాత్రం నలభై ఏళ్ళకు పైగా నడుచుకుంటూ వచ్చి ఆయన పాడె పక్కన నిలబడింది. ఇప్పటికీ తెలిసినవాళ్ళకూ తెలియనివాళ్ళకూ ఆ మనిషి గురించి చెబుతూనే ఉన్నాను. ఆయన విన్నది మాత్రం నేను మొదట అన్న మాటే.